ఆ ఊరోళ్ళు ఏం తింటారంట?

పోయిన నెల మా చిన్నాయన కొడుకు వాట్సాప్‌లో ఒక మెనూ కార్డు ఫోటో పంపించాడు. వాడు మాల్దీవుల్లో ఒక రిసార్టు వంటింట్లో పని చేస్తాడు. మా కడప వైపు ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు కాబట్టి వాడూ అక్కడికే పోతాడనుకున్నాం గానీ, హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన స్నేహితుడొకడు అటు లాక్కెళ్ళాడు, వెళ్ళి ఎనిమిదేళ్ళు దాటింది. వాళ్ళ రిసార్టులో వారం రోజుల ఫుడ్ ఫెస్టివల్ పెట్టారంట, ఆ కార్డు అదే. మొదటి రోజు ఇటలీ, రెండో రోజు జపాన్, మూడో రోజు అర్జెంటీనా నుంచి వచ్చిన మాంసం, ఒక సాయంత్రమంతా ఫ్రాన్స్ వైన్లు. కార్డు చాలా అందంగా ఉంది. అమ్మ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది, నేను ఒక్కొక్కటీ చదివి చెప్తున్నాను. అంతా విని, "అది సరే గానీ, ఆ ఊరోళ్ళు ఏం తింటారంట?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. కార్డు మళ్ళీ చూశాను. చివరి రోజు పేజీలో ఒకే ఒక్క వరుసలో కాల్చిన టూనా చేప ఉంది, అంతే.

రాత్రి వాడికి ఫోన్ చేసి అదే ప్రశ్న అడిగాను. "మా మెస్సులో తింటాం అన్నా అవన్నీ" అన్నాడు. గరుధియా అని చేప ముక్కలు ఉప్పు నీళ్ళలో ఉడికించి తీసే పల్చటి రసం ఉంటుందంట, అన్నంలో పోసుకుని నిమ్మకాయ పిండుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటారు. పొద్దున్నే మస్ హుని, అంటే టూనా చేప, పచ్చికొబ్బరి కోరు, ఉల్లిపాయ, మిరపకాయ కలిపి చేత్తో పిసికి రోషి అనే రొట్టెతో తింటారు. ఆ చేప రసాన్నే గంటల తరబడి మరిగించి మరిగించి, నల్లటి ముద్దయ్యేదాకా దించకుండా చేసేది రిహాకురు. "చేప, కొబ్బరి తప్పిస్తే ఈడ ఏదీ ఈడిది కాదన్నా, కొత్తిమీర కూడా బయటినుంచే వస్తాది" అన్నాడు. నవ్వుతూ చెప్పాడు గానీ నాకు నవ్వు రాలేదు. 5 లక్షల చిల్లర జనాభా ఉన్న దేశానికి 2024లో 20 లక్షల మంది టూరిస్టులు వచ్చారు. అంతమంది వచ్చి, తిని, పోతున్నారు, వాళ్ళలో ఎక్కువమంది గరుధియా రుచి చూడకుండానే పోతారు. మెస్సులో అది రోజూ పొయ్యి మీద ఉడుకుతూనే ఉంటుంది.

ఆ కోపంలో అదే రాత్రి ఒక పోస్టు రాసి, పొద్దున్నే తీసేశాను. ఎందుకంటే కోపం తప్ప అందులో ఏమీ లేదు. ఈ నెల రోజులుగా దీని గురించి చదివి, ఆలోచించి, అమ్మతో, తమ్ముడితో మాట్లాడి నాకు తేలిన మాట ఒకటుంది. టూరిస్టుల కోసం ఒక ఊరు తిండి పండుగ పెడితే, అందులో ఆ ఊరివాళ్ళు కూడా సొంత డబ్బుతో వచ్చి, కూర్చుని తినేలా ఉండాలి. అది లేకపోతే దాన్ని పండుగ అనకూడదు, ఆరుబయట వేసిన హోటల్ అనాలి. వినడానికి చిన్న మాటే, కానీ దీనికి అడ్డొచ్చే ప్రశ్నలు చాలా ఉన్నాయి, వాటన్నిటి గురించీ రాయాలని ఉంది.

వంటవాళ్ళే నడిచే ఊరేగింపు

అన్ని దీవులూ ఒకేలా చేయడం లేదు. అమెరికా ఖండాల మధ్య కరీబియన్ సముద్రంలో ఉన్న కేమన్ దీవుల్లో జనవరిలో జరిగే పండుగ పెద్ద హోటల్ చుట్టూ, ప్రపంచమంతా పేరున్న షెఫ్‌ల చుట్టూ నడుస్తుంది. మారిషస్‌లో 2006లో ఒక రిసార్టులో బెర్నార్ లోయిజో అనే ఫ్రెంచి వంటవాడి పేరు మీద పోటీ మొదలైంది. అక్కడ కాస్త నయం, యూరప్ నుంచి వచ్చిన షెఫ్‌కి దీవిలోని షెఫ్‌ని జతకట్టి ఇద్దరితో కలిపి వండిస్తారు. దీవివాడికి చేయి తిరుగుతుంది, పేరొస్తుంది, అది చిన్న విషయం కాదు. కానీ అదే మారిషస్‌లో వీధి పక్కన ధోల్ పురి అమ్ముతారు, ఉడికించి పొడి చేసిన పప్పును పిండిలో పెట్టి పల్చగా వత్తి కాల్చి, జంటగా చేతిలో పెడతారు. మన ఓళిగలో బెల్లం తీసేసి, మధ్యలో చిక్కుడు గింజల కూర పెట్టి మడిచినట్టు అనుకోండి. కూలికి ఓడలెక్కిపోయిన మనవాళ్ళ చేతిలో పుట్టిన తిండి అది. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే దేశం అది, అక్కడ మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ దేశంలో తిండి పండుగ అంటే ధోల్ పురి ముందుండాలని అనుకోవడం నాకు అత్యాశ అనిపించదు.

ఇక కరీబియన్‌లోనే ఉన్న గ్వాడెలూప్ దీవిలో జరిగేది చదివాక నాకు మనసు నిండింది. అక్కడ వంటలక్కలకు ఒక సంఘం ఉంది, 1916లో పెట్టుకున్నది, కష్టాల్లో ఒకరికొకరు సాయపడటానికి. మన పొదుపు సంఘాల్లాంటిదే అనిపించింది నాకు. ఏటా ఆగస్టులో, వంటవాళ్ళకు ఇలవేల్పులాంటి సెయింట్ లారెన్స్ పండుగ రోజుల్లో, ఆ ఆడవాళ్ళంతా గళ్ళ చీరల్లాంటి బట్టలు కట్టుకుని, వంటకాలు నింపిన బుట్టలు పట్టుకుని చర్చికి వెళ్తారు, అక్కడినుంచి వీధుల్లో పాడుకుంటూ ఊరేగింపుగా వస్తారు, ఆ తర్వాత విందు. ఆ గళ్ళ బట్టను అక్కడ 'మద్రాస్' అంటారు, మన మద్రాసు రేవు నుంచి పోయిన గుడ్డ కాబట్టి. టూరిస్టులు వస్తారు, ఫోటోలు తీసుకుంటారు. కానీ ఆ పండుగ వాళ్ళ కోసం పెట్టింది కాదు, ఏ ఏడాదైనా ఒక్క టూరిస్టు రాకపోయినా ఆగదు. బార్బడోస్ అనే ఇంకో కరీబియన్ దీవిలో, ఓయిస్టిన్స్ అనే చేపల రేవులో శుక్రవారం సాయంత్రాలు చేపలు కాల్చి, వేయించి అమ్ముతారు, అక్కడా అంతే, ఊరివాళ్ళు తింటున్న బల్లల మీదే వచ్చినవాళ్ళూ సర్దుకుని కూర్చుంటారు.

తేడా తారీకుల్లో కూడా తెలుస్తుంది. కరీబియన్‌లో టూరిస్టుల సీజన్ డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ దాకా. హోటళ్ళు ఖాళీగా ఉండే నెలల్లో గదులు నింపుకోవడానికి చాలాచోట్ల తిండి పండుగలు పెడతారు, బార్బడోస్‌లో తిండి, రమ్ము కలిపి చేసే పెద్ద పండుగ కూడా సీజన్‌కి ముందే వస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఖాళీ నెలల్లో వెయిటర్లకు పని దొరుకుతుంది. అయినా నాకు నెవిస్ అనే చిన్న దీవి పద్ధతి ఎక్కువ నచ్చింది, వాళ్ళ మామిడి పండుగ జులైలో, అంటే చెట్లకు కాయలు దిగే రోజుల్లో. తారీకు నిర్ణయించేది మామిడిచెట్టు అన్నమాట.

బెండకాయ నీళ్ళూ, తెడ్డూ

బార్బడోస్ వాళ్ళ జాతీయ వంటకం పేరు కూకూ. దాన్ని ఎలా చేస్తారో చదువుతుంటే మా జేజి వంటింట్లో కూర్చున్నట్టే అనిపించింది. బెండకాయలు చక్రాల్లా తరిగి నీళ్ళలో ఉడికిస్తారు, ఆ జిగురు నీళ్ళు పారబోయరు. మొక్కజొన్న పిండిని ముందే నానబెట్టి, పొయ్యి మీద పెట్టి, ఆ బెండకాయ నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ కట్టె తెడ్డుతో గెలుకుతూనే ఉంటారు, ఆ తెడ్డుకే కూకూ కట్టె అని పేరు. చేయి ఆపితే గడ్డలు కడుతుంది. ముద్ద దగ్గరపడ్డాక వెన్న రాసిన గిన్నెలో వేసి గుండ్రంగా చేసి, పళ్ళెంలో బోర్లించి, నడుమ గుంట చేసి, ఎగిరే చేపల పులుసు ఆ గుంటలో పోస్తారు.

సంగటి చేసే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇంకేం చెప్పాలి? మా జేజి నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండిని కుప్పగా నడుమ పోసేది, తెడ్డు కాడతో దానికొక చిల్లు పెట్టి మూత వేసి కాసేపు వదిలేసేది. ఆవిరి ఆ చిల్లులోంచి బుస్సుమని పైకొచ్చేటప్పుడు పిండి ఉడికిన వాసన వస్తుంది, అప్పుడు గిన్నె దించి, రెండు పాదాల మధ్య గుడ్డతో అదిమిపట్టి, రెండు చేతులతో తెడ్డు తిప్పేది. చెయ్యి నీళ్ళలో ముంచి ముద్ద చేసి, బొటనవేలితో గుంట పెట్టి నెయ్యి వేసేది. చల్లారితే ఇక దాన్ని తినలేం, గట్టిపడిపోతుంది. సంగటి తినేవాళ్ళంతా పొయ్యి దగ్గరే కూర్చోవడం అందుకే.

ఈ పోలిక చూసి మొదట పొంగిపోయాను. వెంటనే ఒక అనుమానం వచ్చింది, ఆ అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు. కూకూ ఎవరి తిండి? ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి చెరకు తోటల్లో పడేసిన మనుషుల తిండి. వాళ్ళకు ఇచ్చిన దాంతో వాళ్ళు చేసుకున్నది. మరి సంగటి? మా జేజి చిన్నతనంలో వరన్నం పండుగనాడో, చుట్టాలొస్తేనో. అల్లుడొస్తే సంగటి పెట్టడం ఆమె ఊహకు కూడా అందని విషయం. నాకు ఉద్యోగమొచ్చి మొదటిసారి ఆఫీసు వాళ్ళను ఇంటికి తీసుకొచ్చినప్పుడు, సంగటి చేయమంటే జేజి ఒప్పుకోలేదు. "వచ్చినోళ్ళకు సంగటి పెడితే మనల్ని ఏమనుకుంటారు నాయనా?" అంది. సన్నబియ్యం తెప్పించి అన్నం వండింది, వడలు చేసింది, తను మాత్రం ఆ రాత్రి వంటింట్లో పొద్దుటి సంగటి ముద్ద మజ్జిగలో పిసుక్కుని తాగింది.

అప్పుడు నేను ఆమెతో వాదించాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె మాటలో బలం ఉంది. అతిథికి ఉన్నదాంట్లో మేలైనది పెట్టాలని ఆమె నమ్మింది. మాల్దీవుల రిసార్టు కూడా ఆ మాటే చెప్పొచ్చు, వచ్చినవాడు కోరింది పెడుతున్నాం, మా పేద తిండి వాడి ముందు పెట్టి ఏం సాధిస్తాం అని. కరువులో పుట్టిన తిండిని టెంటు కింద పెట్టి టికెట్టు అమ్మడం ఆ కరువును అనుభవించినవాళ్ళకు గౌరవమా, అవమానమా? నాకు తోచిన జవాబు ఇది: వాళ్ళు పక్కన కూర్చుని అదే తింటుంటే గౌరవం, వాళ్ళు వడ్డించి వెనక్కు పోయి నిలబడితే అవమానం. జేజి ఆ రోజు మాతో కూర్చుని ఉంటే ఏ తిండి పెట్టినా నాకు బాధుండేది కాదు. ఇన్నేళ్ళయినా నా కళ్ళ ముందు నుంచి పోనిది, వంటింట్లో ఒక్కతే గిన్నె పట్టుకుని కూర్చున్న ఆమె రూపం.

మనది అంటే ఏది?

రెండో చిక్కు, స్థానికం అనే మాట. తమ్ముడితో మాట్లాడుతుంటే వాడే ఎదురు అడిగాడు, "మన చెనిక్కాయ మనదేనా అన్నా?" అని. నిజమే. అనంతపురం బతుకంతా చెనిక్కాయ మీద నడిచింది, దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. మన ఎర్రకారంలోని మిరపకాయ కూడా అమెరికా ఖండాలదే, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. ఎర్రకారం లేని కడప దోశను ఊహించుకోగలరా ఎవరైనా?

దీవుల కథ ఇంకా చేదుగా ఉంటుంది. సెయింట్ విన్సెంట్ అనే కరీబియన్ దీవిలో ఆగస్టులో బ్రెడ్‌ఫ్రూట్ పండుగ చేస్తారు. పనసకు దగ్గరి చుట్టం లాంటి కాయ, నిప్పుల మీద కాలిస్తే లోపల రొట్టెలా మెత్తగా ఉంటుందంటారు. ఆ చెట్టు ఆ దీవిది కాదు. చెరకు తోటల బానిసలకు చవగ్గా కడుపు నింపడానికి బ్లై అనే ఇంగ్లీషు కెప్టెన్ పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవి నుంచి మొక్కలు తెచ్చాడు. మొదటిసారి 1789లో బౌంటీ ఓడలో నావికులు తిరగబడి మొక్కలన్నీ సముద్రంలో పారేశారు, రెండోసారి 1793లో ఇంకో ఓడలో తెచ్చి దింపాడు. తీరా తెస్తే ఎవరి కోసం తెచ్చాడో వాళ్ళు చాలాకాలం దాన్ని ఇష్టంగా తినలేదు. ఈ రోజు కాల్చిన బ్రెడ్‌ఫ్రూట్, వేయించిన చేప ఆ దేశపు జాతీయ వంటకం. యజమాని బలవంతాన తెచ్చిన కాయను జనం తరాల తరబడి కాల్చి, ఉడికించి, తమ చేతి రుచి పట్టించి తమదిగా చేసుకున్నారు. పండుగ పెట్టింది కూడా బానిసత్వం పోయిన ఆగస్టు నెలలోనే.

కాబట్టి ఎక్కడ పుట్టింది అన్నది నేను పట్టించుకోను. ఇంట్లో ఎవరు తింటున్నారు అన్నదే చూస్తాను. హవాయిలో తినే తిండిలో నూటికి 85 నుంచి 90 వంతులు బయటినుంచి వచ్చేదే అంటారు, కరీబియన్ దేశాలు తిండి దిగుమతుల ఖర్చులో నాలుగోవంతు 2025 కల్లా తగ్గించుకోవాలని అనుకుని, ఆ గడువును తర్వాత 2030కి జరుపుకున్నాయి. దీవిలో బతకడం అంటే ఓడ కోసం ఎదురుచూడటమే, దానికి వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ ఓడలో వచ్చిన గోధుమపిండితోనే మాల్దీవుల ఇల్లాలు రోషి చేస్తుంది. ఆ రోషి పండుగ బల్ల మీదకు రావడానికి ఏ అడ్డూ లేదు.

జనరేటర్ పక్కన స్టాల్

ఇదంతా ఎక్కడో దీవుల గొడవ అని చదివేవాళ్ళు అనుకోవచ్చు. మనకు గండికోట ఉంది, లేపాక్షి ఉంది, బెలూం గుహలు ఉన్నాయి, వచ్చేవాళ్ళు ఏటికేడు పెరుగుతున్నారు. ఉత్సవాలంటే ఫుడ్ కోర్టు తప్పనిసరి అయిపోయింది. కొన్నేళ్ళ కిందట మా వైపే ఒక ఉత్సవానికి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. వేదికకు దగ్గరగా ఉన్న స్టాళ్ళన్నీ బయటి నగరాల నుంచి వచ్చినవాళ్ళవి, పిజ్జా, మంచూరియా, మొక్కజొన్న కప్పులు. చివర్న, జనరేటర్ పక్కన, డీజిల్ పొగలో ఒక డ్వాక్రా సంఘం స్టాల్ ఉంది. 'రాయలసీమ రుచులు' అని బోర్డు. సంగటిని నిమ్మకాయంత ముద్దలుగా చేసి కాగితపు పళ్ళేల్లో పేర్చి పెట్టారు, మధ్యాహ్నం చేసినవి, పైన పొర ఎండిపోయింది. కొన్నాను, మింగలేకపోయాను. నా ముఖం చూసి ఆ స్టాల్ అక్క సిగ్గుపడింది. "వేడివేడిగా చేసి పెడతామంటే పొయ్యి పెట్టొద్దన్నారన్నా. ముందే చేసుకుని రమ్మన్నారు" అంది.

తర్వాత ఆమె బల్ల కింద నుంచి తన టిఫిన్ క్యారియర్ తీసింది. ఇంట్లో తన కోసం తెచ్చుకున్న సంగటి, తడిగుడ్డలో చుట్టి ఉంది కాబట్టి ఇంకా మెత్తగానే ఉంది, ఇంకో గిన్నెలో చెనిక్కాయల ఊరిబిండి. వద్దంటున్నా అమ్మకూ నాకూ చెరో ముద్ద పెట్టింది. ఊరిబిండిలో పచ్చిమిరపకాయలు సగం కాల్చి రోట్లో దంచినట్టున్నాయి, గింజలు పంటికి తగులుతున్నాయి, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ ఉత్సవంలో తినదగ్గ తిండి అదొక్కటే. అమ్మకానికి పెట్టని తిండి అది.

ఎవరి తప్పు అని వెతకడం లేదు, నిప్పుల భయం ఉంటుంది, జనం తొక్కిసలాట భయం ఉంటుంది, వాళ్ళ టెన్షన్ వాళ్ళది. కానీ పొయ్యి పెట్టనివ్వనిచోట సంగటి పండుగ జరగదు, అది మాత్రం ఖాయం.

తాగుడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీవుల పండుగల్లో సగం గ్లాసుల్లోనే ఉంటుంది. చెరకు రసం పంచదారయ్యాక మిగిలే మడ్డితో రమ్ము చేయడం బార్బడోస్‌కి చరిత్ర, అక్కడ 1703 నాటి పత్రాలున్న రమ్ము కంపెనీ ఇంకా నడుస్తోంది. వాళ్ళ గర్వం వాళ్ళది, కాదనను. మన దగ్గర మాత్రం ఆ గ్లాసు పండుగ బల్ల మీద పెట్టడానికి నాకు మనసొప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన ఆడవాళ్ళ పోరాటం రాష్ట్రంలో సారాను మూయించింది. ఆ ఇళ్ళ కథలు విని పెరిగినవాణ్ని. మనకు నన్నారి ఉంది కదా. అడవి నుంచి తవ్వి తెచ్చిన వేర్లను మరిగించి తీసిన పాకం, నిమ్మకాయ, నానబెట్టిన సబ్జా గింజలు, చల్లటి నీళ్ళు. ఏప్రిల్ ఎండలో కర్నూలు బస్టాండులో దిగి ఒక గ్లాసు తాగినవాళ్ళకు దాని విలువ తెలుసు.

నన్నడిగితే ఇలా చేస్తాను. పండుగను పచ్చి చెనిక్కాయ పెరికే రోజుల్లో పెడతాను, చేనుగట్టు మీద ఉప్పేసి ఉడికించిన కాయలు గంపల్లో ఉంటాయి, ఒలుచుకుంటూ ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం పొయ్యి మీద నుంచి దించిన సంగటి. అది కూడా ఊళ్ళో ఎంతకు దొరుకుతుందో అంతకే, లేకపోతే ఊరివాళ్ళు రారు, వాళ్ళు రాకపోతే నేను పైన రాసిందంతా వృథా. ఇందులో లాభం తక్కువ, స్పాన్సర్లు దొరకడం కష్టం, తెలుసు. టూరిస్టు డబ్బు మీద బతికేవాళ్ళకు ఈ మాట చెప్పడం తేలికని కూడా తెలుసు. మాల్దీవులు 2020 మార్చి ఆఖరు నుంచి జులై 15 దాకా టూరిస్టులకు తలుపులు మూసుకున్నప్పుడు మా తమ్ముడికి సగం జీతమే వచ్చింది, చిన్నాయన ఇల్లు సగం కట్టి ఆపేశాడు. టూరిస్టు రావాల్సిందే. వచ్చినవాడు ఏ బల్ల దగ్గర కూర్చోవాలి అన్నదే నా పట్టుదల.

ఆ మూసేసిన రోజుల్లో దీవిలో కొద్దిమంది సిబ్బందే మిగిలారంట. ఇటలీ జున్ను లేదు, అర్జెంటీనా మాంసం లేదు. సాయంత్రం మాల్దీవుల కుర్రాళ్ళు గాలాలు తీసుకుని వెళ్ళి చేపలు పట్టుకొచ్చేవాళ్ళు, గరుధియా కాచేవాళ్ళు. తమ్ముడి పెట్టెలో చిన్నమ్మ కట్టిచ్చిన రాగిపిండి రెండు కిలోలు ఉంది. ఒక రోజు రిసార్టు పెద్ద వంటింట్లో, గరిటెలన్నీ స్టీలువే కాబట్టి పడవలో నుంచి ఒక చెక్క తెచ్చి కడిగి, దాంతో సంగటి గెలికాడు. పులుసు లేదు, నెయ్యి లేదు. ముద్దలో గుంట పెట్టి గరుధియా పోశాడు. పక్కన కూర్చున్న మాల్దీవుల పెద్దాయన, వాడికి చేప కోయడం నేర్పిన మనిషి, మొదటి ముద్ద నమలబోతే, "నమలొద్దు, మింగాల" అని చేత్తో సైగ చేసి చూపించాడంట. ఆయన మింగి, ఇంకో ముద్దకు పళ్ళెం జరిపాడు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఆ పెద్దాయన వచ్చే ఏడాది మోకాలి ఆపరేషన్‌కి బెంగళూరు వస్తున్నాడంట, అక్కణ్నుంచి మా ఇంటికి తీసుకొస్తానన్నాడు. "పెద్దమ్మను అడుగన్నా, ఆయనకేం పెడదామో" అన్నాడు. అమ్మను అడిగాను. పిండి మరకు రాగులు ఎప్పుడు పంపాలో లెక్కేస్తోంది.